అరచేతిలో పట్టే పేజీ



మా పెద్దమ్మ తెనాలి దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. ఆవిడ చేతిలో ఉన్నది కొడుకు వాడి పక్కన పెట్టేసిన పాత ఫోను. అద్దం ఒక మూల పగిలింది. చూపు మందగించిందని అక్షరాల సైజు బాగా పెంచి పెట్టుకుంది. ఆ ఇంటిమొత్తానికి ఇంటర్నెట్ అంటే ఆ ఒక్క ఫోనే. కొన్నేళ్ళ కిందట మనవరాలి హాస్టల్ సీటుకు దరఖాస్తు పెట్టాలని ఇద్దరూ ఆ ఫోను ముందేసుకుని కూర్చున్నారు. ఆ దరఖాస్తు పేజీ ఒక సంస్థ కోసం తయారుచేసింది నేనే. రాత్రి ఎనిమిది దాటాక నాకు ఫోను చేసింది.

"నాన్నా, అన్నీ నింపాంరా. పంపడానికే దారి కనబడట్లేదు."

"అడుగున నీలం రంగు బటన్ ఉంటుంది పెద్దమ్మా, చూడు."

"అడుగునంతా తెల్లగా ఉంది నాయనా. కుడి అంచున ఏదో సగం తెగినట్టు 'సమ' అని ఉంది. అదేనా?"

అదే. 'సమర్పించండి' అన్న మాటలో ఆవిడకు దక్కింది రెండక్షరాలు. మిగతా బటన్ తెర అంచు దాటి పోయింది. వేళ్ళతో పేజీని జరిపి చూద్దామంటే కదలదు. అలా కదలకుండా బిగించింది కూడా నేనే. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి తెనాలి వెళ్ళి, నెట్ సెంటర్‌లో మళ్ళీ మొదటినుంచీ నింపించుకుని వచ్చారు. పిల్లకు ఒక రోజు బడి పోయింది. ఆ బటన్ గురించి నేను అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ పూట మీతో మాట్లాడబోయేది దాని గురించే. ఒకే వెబ్ పేజీ చిన్న ఫోనులోనూ పెద్ద ఫోనులోనూ టాబ్లెట్‌లోనూ కంప్యూటర్‌లోనూ చదవడానికి వీలుగా ఎలా సర్దుకోవాలి? ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్ని రెస్పాన్సివ్ డిజైన్ అంటారు.

నిజానికి వెబ్ పేజీకి సర్దుకునే గుణం పుట్టుకతోనే ఉంది. 1991లో టిమ్ బెర్నర్స్ లీ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో తయారుచేసిన తొలి వెబ్ పేజీలకు వెడల్పు అనే కొలతే లేదు. వట్టి వాక్యాలూ కొన్ని లింకులూ. ఇవాళ కంప్యూటర్‌లో తెరిచి కిటికీని ఎంత కుదించినా ఆ వాక్యాలు అంతలోనే మడత పడి సర్దుకుంటాయి. ఆ గుణాన్ని పోగొట్టింది మాలాంటి వాళ్ళమే. అచ్చు పుస్తకాలకూ పత్రికలకూ అలవాటు పడ్డ కన్నుతో వెబ్‌ను చూశాం. కాగితానికి కొలత ఉన్నట్టు పేజీకీ కొలత ఉండాలనుకున్నాం. ముందు 800 పిక్సెళ్ళ తెర అందరికీ ఉందని దానికి సరిపడా కట్టాం. తర్వాత 1024 వచ్చింది, పేజీని 960కి పెంచాం. పిక్సెల్ అంటే తెరమీద బొమ్మను, అక్షరాన్ని కూర్చే చిన్న చుక్క.

రాత ఏ కొలతలోనైనా ఒదగాలన్న సంగతి మన తాళపత్రాల లేఖకులకు బాగా తెలుసు. తాటాకు చెట్టు ఇచ్చిన కొలతలో వస్తుంది, ఒక ఆకు వెడల్పు ఇంకోదానికి ఉండదు. పైగా దారం గుచ్చడానికి రంధ్రం ఉంటుంది. లేఖకుడు గంటంతో రాసుకుంటూ పోయి, రంధ్రం దగ్గర కాస్త చోటు వదిలి, అవతల మళ్ళీ అందుకుంటాడు. ఆకు అయిపోయిన చోట వరస ఆగుతుంది, పద్యం మాత్రం పక్క వరసలోకి సాగిపోతుంది. కడపలో ఉన్న రోజుల్లో సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి తాటాకుల మీది కావ్యాలను కాగితాల మీదకు ఎక్కించాడు. సన్నటి పొడుగాటి ఆకులోంచి వెడల్పాటి కాగితం మీదకు వచ్చినా కంద పద్యం కంద పద్యంగానే ఉంది. రాత వేరు, ఆకు వేరు. వెబ్ పేజీ కట్టేవాడు ముందు ఒంటబట్టించుకోవలసింది ఈ తేడానే అని నా నమ్మకం.

2007లో ఐఫోన్ వచ్చింది. దాని తెర వెడల్పు 320 పిక్సెళ్ళు. అప్పటికి లోకంలో ఉన్న పేజీలన్నీ దాదాపు వెయ్యి పిక్సెళ్ళ వెడల్పుకు కట్టినవి. అందుకని యాపిల్ వాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఆ ఫోనులోని బ్రౌజర్ తన వెడల్పు 980 పిక్సెళ్ళని పేజీతో బొంకుతుంది. పేజీ ఆ లెక్కన పరుచుకుంటుంది. తర్వాత దాన్నంతా మూడో వంతుకు కుదించి తెరమీద చూపిస్తుంది. పేజీ చెదరలేదు కానీ అక్షరాలు చీమలంత అయ్యాయి. చదవాలంటే రెండు వేళ్ళతో సాగదీసి, ఎడమకూ కుడికీ జరుపుకుంటూ పోవాలి. ఈ బొంకు వద్దు, నీ అసలు వెడల్పు చెప్పు అని ఫోనును అడిగే చిన్న ఆదేశం ఒకటి ఉంది. వ్యూపోర్ట్ ట్యాగ్ అంటారు. పేజీ తలభాగంలో ఒక్క వరస రాస్తే చాలు. అది రాయని పేజీ ఈ రోజుకీ ఫోనులో చీమలబారులాగే కనిపిస్తుంది.

కొందరు ఫోన్ల కోసం విడిగా ఇంకో సైటు కట్టారు. చిరునామా ముందు 'ఎం' అక్షరం, చుక్క ఉండేవి, గుర్తుండే ఉంటుంది. ఒకే ఇంటికి రెండు వంటిళ్ళు పెట్టినట్టయింది. పెద్ద సైటులో వార్త మారుతుంది, చిన్న సైటులో పాతదే మిగులుతుంది.

2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ 'ఎ లిస్ట్ అపార్ట్' అనే వెబ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అన్న పేరు దానిలోంచే వచ్చింది. మనుషులు వచ్చేకొద్దీ ఒదిగే గోడలూ మారే గదులూ కట్టాలని భవన నిర్మాణంలో కొందరు చేస్తున్న ప్రయత్నాల నుంచి ఆయన ఆ మాట తీసుకున్నాడు. వాడిన సాధనాలు అంతకుముందే ఉన్నవి. మూడింటిని ఒకచోట చేర్చి పేరు పెట్టడం ఆయన చేసిన పని. మొదటిది, కొలతను పిక్సెళ్ళలో చెప్పకుండా వంతులో చెప్పడం. 960 పిక్సెళ్ళ పేజీలో 300 పిక్సెళ్ళ నిలువు వరస ఉందనుకోండి. 300ను 960తో భాగిస్తే 31.25 శాతం వస్తుంది. ఆ వరసకు 31.25 శాతం అని రాస్తే, పేజీ కుంచించుకున్నప్పుడు వరసా దానితోపాటే కుంచించుకుంటుంది. రెండోది, బొమ్మ తానున్న గడి దాటి బయటకు పోకూడదని కట్టడి చేయడం. మూడోది మీడియా క్వెరీ. తెర వెడల్పు ఇంతకు మించితే ఈ నియమం పాటించు, మించకపోతే వద్దు అని బ్రౌజర్‌కు ముందే చెప్పి ఉంచడం.

పెద్దమ్మ విషయంలో నేను చేసిన తప్పు ఈ మూడో మెట్టు దగ్గరే మొదలైంది. నా బల్ల మీద 24 అంగుళాల మానిటర్ ఉంది. ముందు దానికి పేజీ కట్టాను. ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబు గళ్ళు, అన్నిటికీ కుడి కొసన బటన్. ఫోనుకు వచ్చేసరికి ఆ రెండు వరసలనూ ఎలా ఇరికించాలా అని తంటాలు పడ్డాను. అలా ఇరికించినదే పెద్దమ్మ చేతికి చేరింది. లూక్ రోబ్లెవ్‌స్కీ అనే డిజైనర్ 2009లోనే దీనికి తిరగేసిన దారి చెప్పాడు. ముందు ఫోనుకు కట్టు, తర్వాత చోటు పెరిగేకొద్దీ విప్పుకుంటూ పో అన్నాడు. చోటు తక్కువైనప్పుడు ఏది ముఖ్యమో తేల్చుకోక తప్పదు. పైన తిరిగే బొమ్మలు, పెద్దల ఫొటోలు, సంస్థ చరిత్ర, ఇవన్నీ ఒక్కొక్కటే పక్కకు తప్పుకోవాలి. పిల్ల పేరు, తరగతి, పుట్టిన తేదీ, పంపే బటన్, అంతే మిగలాలి. అది వట్టి అలంకరణ పని అనుకుంటారు చాలామంది. ఎవరి అవసరం ముందు, ఎవరిది వెనక అన్న తీర్పు అందులో ఉంది.

కొలతల మాట కొంచెం చెప్పాలి. దుకాణంలో ఫోను తెర వెడల్పు 1080 పిక్సెళ్ళని చెబుతారు. అలాంటి ఫోన్లు కొన్ని పేజీతో మాత్రం 360 అంటాయి. అడ్డంగా మూడు నిజమైన చుక్కలను కలిపి ఒక కొలతగా లెక్కిస్తాయి. అందుకే అక్షరం చిన్నదైపోకుండా నున్నగా కనిపిస్తుంది. ఇప్పుడు మనవాళ్ళ చేతుల్లో ఉన్న చాలా ఫోన్లు ఈ లెక్కన 360కీ 430కీ మధ్య ఉంటాయి. 2017లో వచ్చిన జియోఫోను తెర 2.4 అంగుళాలు, వెడల్పు 240 పిక్సెళ్ళు. మడతపెట్టే ఫోను విప్పితే ఇంచుమించు పలకలా చదరమవుతుంది. ఒక్కో ఫోను పేరు పట్టుకుని దానికో నియమం రాస్తూ పోతే అంతు ఉండదు. నేను ఇప్పుడు చేసేది ఇది. కంప్యూటర్‌లో పేజీ తెరిచి కిటికీ అంచును పట్టుకుని మెల్లగా లోపలికి లాగుతాను. ఎక్కడ వాక్యం ఇరుకున పడిందో, ఎక్కడ గడి పక్కదానిమీద ఎక్కిందో అక్కడ నియమం మార్చాలి. ఆ చోటును పేజీలోని రాతే చెబుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగు పేజీ కట్టేటప్పుడు వచ్చే చిక్కులు వేరు. వాటి గురించి మన పని వాతావరణంలో తగినంత చర్చ జరగడం లేదని నా బాధ. పేజీ నమూనాలు దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే గీస్తారు. గడులూ బటన్లూ ఇంగ్లీషు మాటల కొలతకు కోసేసి, చివర్లో తెలుగు తెచ్చి పోస్తారు. ఇంగ్లీషు 'సబ్మిట్' ఆరు అక్షరాల మాట, దాని గడిలో 'సమర్పించండి' పట్టదు. మనవి ఒకదానికొకటి అతుక్కుని పెరిగే మాటలు. 'దరఖాస్తుదారునికి', 'ధ్రువీకరణపత్రాలను' అన్నవి తెచ్చి అక్షరాల సైజు పెంచిన ఫోనులో పెట్టండి. వరసంతా ఒకే మాట ఆక్రమిస్తుంది, కొసన ఉన్న విభక్తి అంచు దాటుతుంది. దీనికి రెండు మందులున్నాయి. గడికి వెడల్పు బిగించకుండా మాటనుబట్టి పెరగనివ్వడం ఒకటి. చిన్న మాట వెతకడం ఇంకొకటి. 'పంపండి' అంటే పెద్దమ్మకు ఇంకా బాగా అర్థమవుతుంది. 'రద్దుపరచుము' బదులు 'ఆపండి', 'పూర్వ పుటకు మరలుము' బదులు 'వెనక్కి'. ఇరుకు తెర ఇక్కడ మంచి తెలుగుకు మేలే చేస్తుంది.

తర్వాతది వత్తుల సంగతి. ఇంగ్లీషు వరసలు దగ్గరదగ్గరగా పేర్చినా చదవగలం. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. 'రాష్ట్రం' అన్న మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు. ఇంగ్లీషు పేజీలో ఒక్కో వరసకు అక్షరం సైజుకు ఒకటింబావు రెట్ల ఎత్తు ఇస్తే సరిపోతే, తెలుగుకు నేను ఒకటిన్నరకు తగ్గకుండా, వీలైతే ఒకటీ ముప్పావు ఇస్తాను. అంతకన్నా ప్రమాదం, గడి ఎత్తును బిగించి మిగిలింది దాచెయ్యమని రాయడం. అప్పుడు అడుగున ఉన్న వత్తు తెగిపోతుంది. వత్తు తెగితే గద్ద గద అవుతుంది, కల్ల కల అవుతుంది. తెలుగు చదవడం రాని డిజైనర్‌కు అది తప్పులా కూడా కనిపించదు. అందుకే తెలుగు పేజీని తెలుగు చదివే మనిషి, చిన్న ఫోనులో, పెద్ద అక్షరాలతో చూడకుండా బయటకు వదలకూడదని నేను పట్టుబడతాను.

మూడోది నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది. చోటు చాలకపోతే శీర్షికను కోసి మూడు చుక్కలు పెట్టడం వెబ్‌లో మామూలు ఆచారం. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది కనుక తోక తెగినా తల నిలుస్తుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది, కాదన్న మాట కూడా చివరే ఉంటుంది. 'ఫీజు కట్టని విద్యార్థులను సోమవారం పరీక్షకు అనుమతి' అన్న దగ్గర కోసి చుక్కలు పెట్టారనుకోండి. అనుమతిస్తారా, అనుమతించరా? పిల్లవాడికి కావలసిన ఆ ఒక్క ముక్కా చుక్కల్లో కలిసిపోయింది. తెలుగు శీర్షికను కోయకండి. రెండో వరసకు, మూడో వరసకు దిగనివ్వండి. తెర పొడుక్కి కొరత లేదు, మనిషి వేలు కిందకి జరుపుకుంటూనే ఉంటుంది.

ఫాంట్ల మాట కూడా ఇక్కడే. సంయుక్తాక్షరాల కోసం మన ఫాంటులో ఎన్నో రూపాలు గీసి ఉంచాలి, అందువల్ల ఫైలు బరువెక్కుతుంది. సిగ్నల్ సన్నగా ఉన్న ఊళ్ళో అది దిగేదాకా అక్షరాలు కనిపించకుండా తెర తెల్లగా ఉండిపోవచ్చు. ఫోనులో ఉన్న తెలుగు ఫాంటుతో ముందు చూపించు, మాది వచ్చాక మార్చుకో అని చెప్పే వీలుంది. దాన్ని వాడాలి. దరఖాస్తుల్లాంటి పేజీలకైతే ఫోనులోని ఫాంటే చాలు. పేజీ భాష తెలుగు అని తలభాగంలో రాయడం మరువకూడదు. చూపు లేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏ గొంతుతో చదవాలో దాన్నిబట్టే తేల్చుకుంటుంది.

ఇక బొమ్మలు. ఫోను కెమెరాలో తీసిన ఫొటో 4000 పిక్సెళ్ళ వెడల్పు, 3000 ఎత్తు ఉందనుకోండి. మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు. ఇందాక చెప్పిన ఫోను తెర నిండా చూపడానికి 1080 వెడల్పు, 810 ఎత్తు చాలు, అది తొమ్మిది లక్షల లోపే. మిగతాదంతా డేటా ప్యాకులోంచి ఖర్చయి కంటికి ఆనకుండా పోతుంది. ఒకే బొమ్మను మూడు నాలుగు కొలతల్లో ఉంచి, నీకు సరిపడింది తీసుకో అని బ్రౌజర్‌కు వదిలేసే ఏర్పాటు పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఉంది. బొమ్మకు తెర వెడల్పుకు లోబడమని చెప్పి ఊరుకుంటే చూడటానికి సర్దుకున్నట్టే ఉంటుంది, బరువు మాత్రం తగ్గదు.

వేలి విషయానికి వస్తే, మౌసు బాణానికి మొన ఉంటుంది, బొటనవేలికి ఉండదు. నొక్కే చోటు పేజీ లెక్కలో కనీసం 44 పిక్సెళ్ళ చదరం ఉండాలని యాపిల్ చెబుతుంది, గూగుల్ 48 అంటుంది. పొలం పని చేసిన వేలికి పెద్దదే మంచిది. ఫోను నంబరు గడిమీద నొక్కితే అంకెల మీటలే రావాలి. ఇదంతా చిన్న చిన్న ఆదేశాలతో అయ్యే పని.

రెండు వేళ్ళతో సాగదీసే వీలును మూసెయ్యడం మాత్రం క్షమించరానిది. డిజైన్ చెదురుతుందని నేనూ ఒకప్పుడు మూశాను. 2018 జూన్‌లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ అందుబాటు నియమాల 2.1 కూర్పులో పెంచుకుని చదవడం గురించే ఒక మాట ఉంది. 320 పిక్సెళ్ళ వెడల్పులో పేజీని అడ్డంగా జరపకుండానే చదవగలగాలి. 1280 పిక్సెళ్ళ కంప్యూటర్ తెరమీద అక్షరాలను నాలుగు రెట్లు పెంచుకున్నా మిగిలే వెడల్పు ఆ 320యే. చిన్న ఫోను ఉన్న మనిషికీ చూపు ఆనని మనిషికీ కావలసిన పేజీ ఒకటే అన్నమాట. పెద్దమ్మ ఆ ఇద్దరూను.

ఇది వింటున్న మీ చేతిలో ఫోను ఉంటే, మీరు రోజూ చూసే పేజీ ఏదైనా తెరవండి. ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి అక్షరాల సైజును చివరిదాకా పెంచి మళ్ళీ చూడండి. ఫోనును అడ్డంగా తిప్పండి. ఎక్కడ ఏ మాట తెగిందో, ఏ బటన్ మాయమైందో ఆ పేజీ నడిపేవాళ్ళకు నాలుగు ముక్కలు రాయండి. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు ఎవరైనా వింటుంటే వాళ్ళకో మాట. పేజీలో గళ్ళను అమర్చే ఫ్లెక్స్‌బాక్స్, 2017లో బ్రౌజర్లలోకి వచ్చిన గ్రిడ్, 2023 నాటికి అన్ని ముఖ్య బ్రౌజర్లలోనూ కుదురుకున్న కంటైనర్ క్వెరీలు నేర్చుకోండి. గడి తన చుట్టూ ఎంత చోటుందో తానే చూసుకుని సర్దుకునే రోజులివి. ఈథన్ మార్కాట్ నాటికి లేని సుఖం మీకుంది.

ఆ హాస్టల్ దరఖాస్తు పేజీని తర్వాతి ఏడాదికి మళ్ళీ కట్టాం. ఒకే నిలువు వరస. ప్రశ్న పైన, గడి కింద. అడుగున తెర వెడల్పంతా పరుచుకున్న బటన్ మీద 'పంపండి' అని ఉంటుంది. పెద్దమ్మకు ఇంకో ఫోను కొనిచ్చి ఆ పగిలిన ఫోను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది నా బల్ల మీద మానిటర్ పక్కనే ఉంటుంది. అక్షరాల సైజు ఆవిడ పెట్టుకున్నంతే వదిలేశాను. ఏ పేజీ కట్టినా ముందు దాంట్లోనే తెరిచి చూస్తాను. మొన్న ఒక పేజీలో 'రాష్ట్రం' కింద వత్తు అర మిల్లీమీటరు తెగి కనిపించింది. రేపు పొద్దున మొదటి పని అది సరిచేయడమే.